సిరీస్ మధ్యలో ఆర్టిస్ట్ మారితే కథ కూడా మారిపోతుందా?

రంగులరాట్నం:

అందరికీ నమస్తే. ఈ మధ్య అమేజింగ్ స్పైడర్-మ్యాన్ మొదట్నుంచీ వరసగా చదువుతున్నా, 1963 నాటి మొదటి ఇష్యూ దగ్గర్నుంచి. స్టీవ్ డిట్కో బొమ్మలకి బాగా అలవాటు పడిపోయా. ఆ బక్కపల్చటి పీటర్, ఆ వంకర్లు తిరిగిన వేళ్ళు, ఎవరి మొహంలోనూ పెద్ద అందం ఉండదు కానీ అందరూ మన వీధిలో రోజూ కనపడే మనుషుల్లానే ఉంటారు. 38 అయిపోయి 39 తెరిచేసరికి జాన్ రోమిటా వచ్చేశాడు. రాసేది అదే స్టాన్ లీ, కథ కూడా అక్కణ్ణుంచే సాగుతోంది, డైలాగుల్లో ఆ చురుకు కూడా అలాగే ఉంది. అయినా ఇంకో నాలుగైదు ఇష్యూలు గడిచేసరికి పీటర్‌కి భుజాలొచ్చాయి, జుట్టు కుదిరింది, క్లాసులో అమ్మాయిలు వాడికోసం పోటీ పడుతున్నారు, పేజీ మొత్తం వెలుగు పెరిగినట్టు అయిపోయింది. బాగోలేదని కాదు, చాలా బాగుంది, కానీ నేను ఇన్నాళ్ళూ బెంగపడింది ఈ పిల్లాడి గురించి కాదేమో అనిపిస్తోంది.

ఫ్రెండ్ ఒకడితో ఇదే అంటే "రాసేవాడు మారనప్పుడు కథెలా మారుతుందిరా, బొమ్మంటే పైన వేసే రంగే కదా" అని తేల్చేశాడు. నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు కానీ ఎందుకు కాదో సరిగ్గా చెప్పలేకపోయా.

కాబట్టి అడుగుతున్నా, మీరు చదివిన సిరీసుల్లో మధ్యలో ఆర్టిస్ట్ మారినప్పుడు ఏమైంది? ఎక్కడ కుదిరింది, ఎక్కడ దెబ్బతింది, ఎందుకు? స్పైడర్-మ్యానే అక్కర్లేదు, ఏదైనా చెప్పండి.

అబిడ్స్_ఆదివారం:

తమ్మీ నీ దోస్త్ ఒక ముఖ్యమైన సంగతి తెల్వక అట్ల అన్నడు. అప్పట్ల స్పైడర్-మ్యాన్ అచ్చేసే మార్వెల్ కంపెనీల స్టాన్ లీ ముందుగాల పూర్తి స్క్రిప్ట్ రాసిచ్చేటోడు కాదు. కథ ఇట్లుంటది అని మాట్లాడుకునేటోళ్ళు, ఆర్టిస్ట్ పోయి మొత్తం పేజీలు గీసుకొచ్చేటోడు, అండ్ల ఏ సీను ఎన్ని ప్యానెళ్ళు ఉండాల్నో ఎక్కడ ఆగాల్నో ఎక్కడ ఉరకాల్నో అన్నీ ఆర్టిస్టే తేల్చేటోడు, ఆ తర్వాతనే లీ బెలూన్లల్ల మాటలు నింపేటోడు. స్పైడర్-మ్యాన్‌ల అయితే 25, 26 ఇష్యూల టైంకి వచ్చేసరికి ప్లాట్ కూడా డిట్కోదే అని పేరు వేసిన్రు, ఎందుకంటే అప్పటికి వాళ్ళిద్దరి మధ్య మాటలే లేవు. డిట్కో ఇంట్ల కూసొని కథ అల్లి గీసి పంపితే లీ మాటలు రాసి అచ్చుకిచ్చిండు. మరి రాసేటోడు మారలేదు అంటే ఎట్ల? సగం రాసేటోడే పోయిండు కదా.

33వ ఇష్యూ ఒకసారి మళ్ళ తెరువు. పెద్ద మిషన్ కింద ఇరుక్కొని ఉంటడు, పైనుంచి నీళ్ళు కారుతుంటయి, మే అత్త కోసం తెచ్చిన మందు కండ్ల ముందరే ఉంటది కానీ చెయ్యి అందదు. అది లేపడానికి ఎన్ని పేజీలు పట్టిందో చూడు. ప్యానెళ్ళు చిన్నగ ఇరుకుగ మొదలైతయి, వాడు లేస్తున్న కొద్దీ పెద్దగైతయి, చివరకు ఒక పేజీ మొత్తం ఒకటే బొమ్మ. ఆ సీన్ల మాటలు తీసేసినా నీకు గుండె పట్టేస్తది. ఒక పిల్లగాడు బరువు మోస్తున్నడు అనే సంగతినే డిట్కో నాలుగేండ్లు గీసిండు, వాని చేతిల పీటర్ ఎప్పుడూ కిందికి వంగి కుంగి ఉంటడు.

రోమిటా ఎక్కడికెళ్ళి వచ్చిండు? డీసీ అనే ఇంకో కంపెనీల ఏండ్ల తరబడి ప్రేమకథల కామిక్స్ గీసిండు. స్పైడర్-మ్యాన్‌కి వచ్చేముందు డేర్‌డెవిల్ చేసిండు, దాంట్లనే రెండు ఇష్యూలల్ల స్పైడర్-మ్యాన్ గెస్ట్‌గ వచ్చిండు, అది చూసే ఇచ్చిన్రు. మొదట్ల డిట్కో లెక్కనే గీయాలని చూసిండు, ఆయన తిరిగొస్తడు నేను అప్పటిదాక సాకితే చాలు అనుకున్నడట, ఇంటర్వ్యూలల్ల తనే చెప్పిండు. కానీ చెయ్యి ఆగదు కదా. అమ్మాయి మొహం గీస్తే అందంగనే వస్తది, అబ్బాయి నిలబడితే ఠీవిగనే నిలబడతడు. మేరీ జేన్ సంగతే చూడు. డిట్కో ఉన్నప్పుడు ఆ పిల్ల ముచ్చట వచ్చుడే గని మొహం చూపెట్టలే, 25ల వచ్చింది గని మొహం కనపడకుండ దాచిండు. రోమిటా 42ల, 1966 చివర్ల, తలుపు తీసి నిలబెట్టిండు చూడు, ఆ ఒక్క ప్యానెల్‌తోటి సిరీస్ దిశే మారింది. ఆ తర్వాత పీటర్ కథ అంటే ఉద్యోగం, రూమ్మేట్, గ్వెన్నా మేరీ జేనా. ఇది రోమిటా చేతిల ఉన్న కథ. రాసేటోడు చేతికి తగ్గట్టు రాసిండు.

విలన్ గ్రీన్ గోబ్లిన్ ముసుగు వెనక ఉన్నది నార్మన్ ఆస్‌బోర్న్ అని బయటపెట్టింది కూడా రోమిటా మొదటి ఇష్యూలనే. 14ల మొదలైన రహస్యం డిట్కో పోంగనే తేలింది. ఆ గొడవ మీదనే డిట్కో పోయిండని ఒక మాట ఎప్పటినుంచో తిరుగుతుంటది, కానీ ఆస్‌బోర్న్‌ని ముందునుంచి పీటర్ ఫొటోలు కొనే పేపరాయన జేమ్సన్ క్లబ్బుల కూసోబెట్టింది తనేనని డిట్కోనే తర్వాత వ్యాసాలల్ల రాసిండు. నా లెక్కల ఇవి రెండు సిరీస్‌లు, రెండూ గొప్పయే, పేరు ఒక్కటి. నీకు ఆ పిల్లగాని మీద బెంగ అనిపిస్తుంది చూడు, అది కరెక్టే, ఆ పిల్లగాడు 38తోటి పోయిండు.

నల్లసిరా:

పైన అబిడ్స్ అన్న చెప్పింది వందకి వంద శాతం. నేను బొమ్మలు గీసే పనిలోనే ఉన్నా, యానిమేషన్ స్టోరీబోర్డులు, కాబట్టి తెరవెనక సంగతి ఒకటి కలుపుతా.

నెలనెలా వచ్చే కామిక్‌లో ఇరవై, ఇరవై రెండు పేజీలుంటాయి. పెన్సిల్ ఆర్టిస్ట్ బాగా పనిచేస్తే రోజుకో పేజీ అవుతుంది. ఇప్పుడు లెక్క వేయండి, నెలలో ఆదివారాలు తీసేస్తే మిగిలేది ఎంత? ఒక వారం జ్వరం వచ్చిందంటే ఇష్యూ లేటు. అందుకే అమెరికన్ కంపెనీలు సిరీస్‌తో సంబంధం లేకుండా విడిగా ఒక కథ వేరేవాళ్ళతో గీయించి బీరువాలో పెట్టుకునేవాళ్ళు, అవసరమైనప్పుడు తీసి వేసేవాళ్ళు. పాత సిరీస్‌లు వరసగా చదువుతుంటే మంచి ఊపులో ఉన్న కథ మధ్యలో సంబంధం లేని ఇష్యూ ఒకటి తగులుతుంది చూడండి, చాలావరకు అదే. చదివేవాడికి అది తిక్కగా ఉంటుంది కానీ ఆ నెల షాపులో పుస్తకం లేకపోతే వాళ్ళకి నష్టం.

ఇంకోటి, మనం ఆర్టిస్ట్ అంటే పెన్సిల్ గీసినాయన పేరే చూస్తాం. పెన్సిల్ మీద ఇంకు వేసేవాళ్ళు ఉంటారు, రంగులేసేవాళ్ళు ఉంటారు, అక్షరాలు రాసేవాళ్ళు ఉంటారు. ఫెంటాస్టిక్ ఫోర్ చదవండి. జాక్ కర్బీ 1961 నుంచి 102 ఇష్యూలు గీసి 1970లో డీసీకి వెళ్ళిపోయాడు. అంతటివాడు పోతే సిరీస్ కుప్పకూలాలి. రోమిటా కొన్ని గీశాడు, తర్వాత జాన్ బుసెమా వచ్చాడు, అయినా పేజీ తిప్పితే వేరే పుస్తకం పట్టుకున్నట్టు అనిపించదు. కారణం జో సినాట్. ఆయన 1965 నుంచి దానికి ఇంకు వేస్తున్నాడు, కర్బీ పోయాక కూడా వేస్తూనే ఉన్నాడు. ఆ నున్నటి బలమైన గీత, రాతి ఒళ్ళున్న హీరో థింగ్ ఒంటిమీద పలకలు, ఆ లోహం మెరుపు, ఇవన్నీ సినాట్ బ్రష్‌లోంచి వచ్చినవి. మనిషి మారాడన్న సంగతి కంటికి తెలియకుండా ఏళ్ళపాటు దాచిపెట్టింది ఆ బ్రష్. (కదలిక మాత్రం తెలిసిపోతుంది, కర్బీ పేజీలో ఉన్న ఆ తోపు బుసెమాలో ఉండదు, బుసెమా మనుషులు ఇంకాస్త హుందాగా ఉంటారు.)

దానికి రివర్స్ కూడా ఉంది. థోర్‌లో అదే కర్బీ పెన్సిళ్ళ మీద విన్స్ కొలెట్టా ఇంకు వేశాడు. టైం సరిపోక వెనకున్న మనుషుల్నీ భవనాల్నీ చెరిపేసిన పేజీలు ఉన్నాయి, ఒరిజినల్ పెన్సిల్ కాపీలు బయటికొచ్చాక పక్కపక్కన పెట్టి చూశారు జనం. పుస్తకం ప్రెస్సుకి టైంకి వెళ్ళేలా చూసింది కూడా ఆయనే, అది కూడా నిజమే. అంటే పెన్సిలర్ మారకపోయినా పేజీ మారిపోవచ్చు.

కర్బీ డీసీకి వెళ్ళాక జరిగింది ఇంకా బాధగా ఉంటుంది. జిమ్మీ ఓల్సెన్ కామిక్‌లో ఆయన గీసిన సూపర్‌మ్యాన్ తలలు తీసేసి అల్ ప్లాస్టీనో చేత, తర్వాత మర్ఫీ ఆండర్సన్ చేత మళ్ళీ గీయించారు. మా సూపర్‌మ్యాన్ ఇలాగే ఉండాలి అని. ఒంటి మీద కర్బీ, మెడ మీద ఇంకొకరు. ఆ పేజీలు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, ఆ తల ఆ ఒంటితో మాట్లాడట్లేదు.

మా పనిలో ఆర్టిస్ట్ మారితే కొత్తవాళ్ళకి మోడల్ షీట్ ఇస్తాం, క్యారెక్టర్ ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి. ముక్కు పొడవు ఎంత, తలకి ఒళ్ళు ఎన్ని రెట్లు, అన్నీ ఉంటాయి. కానీ భయమేసినప్పుడు కుర్చీలో ఎలా కూర్చుంటుంది, తలుపు తెరిచేముందు ఎంతసేపు ఆగుతుంది, ఇవి ఏ షీట్‌లోనూ ఉండవు. ముక్కు కరెక్ట్‌గా వచ్చినా మనిషి రాడు. రంగులరాట్నం గారూ, మీ ఫ్రెండ్‌కి ఇది చెప్పండి.

లేట్‌నైట్_బొమ్మలు:

నేను కొంచెం వేరేగా చెప్తా. అందరూ పోయినవాళ్ళ గురించే బాధపడుతున్నారు కానీ మార్పు వల్ల బాగుపడ్డ సిరీస్‌లు తక్కువేం కాదు బ్రో.

వాకింగ్ డెడ్ తీసుకోండి. 2003లో మొదలైనప్పుడు టోనీ మూర్ గీశాడు, మొదటి 6 ఇష్యూలు. జాంబీల చర్మం ఊడిపోవడం, పళ్ళు, పురుగులు, ఒక్కో ప్యానెల్ గంటసేపు చూడొచ్చు, మనుషుల మొహాలు మాత్రం కాస్త కార్టూన్‌లా గుండ్రంగా ఉంటాయి. 7 నుంచి చార్లీ ఆడ్‌లార్డ్ వచ్చాడు, 2019లో 193తో అయిపోయేదాకా ఆయనే. మొదట చదివినప్పుడు నాకు నచ్చలేదు, అంతా నలుపు, మొహాలు సగం నీడలో, ఇద్దరు ముగ్గురు గడ్డం మనుషులు ఎవరెవరో పోల్చుకోడానికే టైం పట్టింది. కానీ జైలు కథకి వచ్చేసరికి అర్థమైంది, ఈ కథకి జాంబీలు ముఖ్యం కాదు, నిద్రలేని మనుషులు ముఖ్యం. ఆడ్‌లార్డ్ అలసట గీస్తాడు. హీరో రిక్ కళ్ళ కింద ఆ నల్లటి ముద్ద చూస్తే చాలు, డైలాగ్ అక్కర్లేదు. మూరే కంటిన్యూ అయ్యుంటే అది గొప్ప హారర్ కామిక్ అయ్యేది, పదహారేళ్ళు మనుషుల్ని పట్టుకుని ఏడిపించేది అయ్యేది కాదని నా గట్టి నమ్మకం.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి, మార్పు ఎక్కడ జరిగిందో. మొదటి 6 ఇష్యూలు ఒక వాల్యూమ్, ఒక కథ ముగిసిన చోటే చెయ్యి మారింది. పైగా 24 దాకా కవర్లు మూరే వేశాడు, కాబట్టి పాత రీడర్‌కి ఒక్కసారిగా తెగిపోయినట్టు అనిపించలేదు. గ్రే టోన్లు వేసిన క్లిఫ్ రాత్‌బర్న్ కూడా ఏళ్ళ తరబడి ఉన్నాడు. తర్వాత ఆల్ ఔట్ వార్ అనే కథ అప్పుడు నెలకి రెండు ఇష్యూలు వేయాల్సొస్తే ఆడ్‌లార్డ్‌ని మార్చలేదు, స్టెఫానో గౌడియానోని ఇంకర్‌గా తెచ్చి ఆయన బరువు తగ్గించారు. నల్లసిరా గారు చెప్పిన లెక్కకి ఇది సరైన జవాబు అనిపిస్తుంది నాకు.

ఇన్విన్సిబుల్ కూడా అంతే, షో చూసినవాళ్ళు చాలామంది ఉంటారిక్కడ. మొదట గీసింది కోరీ వాకర్, 8వ ఇష్యూ నుంచి ర్యాన్ ఆట్లీ. ఆ రక్తపాతం, ఆ కొట్టుకునే సీన్ల బరువు ఆట్లీదే.

సీతాకోకచిలుక:

సాండ్‌మ్యాన్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఆర్టిస్ట్ మారడం మీద ఇంతకంటే మంచి కేసు లేదు. 1989 నుంచి 1996 దాకా 75 ఇష్యూలు, అందులో ఎంతమంది చేతులు మారాయో. మొదట శామ్ కీత్, ఆయన 5 ఇష్యూలకే నేను దీనికి కుదరను అని తప్పుకున్నాడు. తర్వాత మైక్ డ్రింగెన్‌బర్గ్, కెల్లీ జోన్స్, చార్ల్స్ వెస్, షాన్ మెక్‌మానస్, జిల్ థాంప్సన్, మార్క్ హెంపెల్, మైకేల్ జూలీ, పి. క్రెయిగ్ రసెల్, ఇంకా చాలామంది. ఇది లోపం అని కాదు నేను చెప్పేది, ఈ సిరీస్ అలా ఉండటానికి కారణమే అది. హీరో డ్రీమ్ అంటే కలల రాజు కదా, చూసేవాళ్ళని బట్టి మారిపోతాడు, కాబట్టి ఒక్కో కథకి ఒక్కో మొహం ఉన్నా అబద్ధం అనిపించదు. షేక్స్‌పియర్ కథ వచ్చినప్పుడు వెస్ గీసిన ఆ పాతకాలపు పుస్తకాల గీత, రమదాన్ కథలో రసెల్ వేసిన బాగ్దాద్, ఇవి ఒకే చేత్తో వచ్చేవి కావు. డ్రీమ్ అక్క డెత్, అంటే మృత్యువు, మొదటిసారి కనపడేది 8వ ఇష్యూలో, డ్రింగెన్‌బర్గ్ బొమ్మ, ఇవాళ్టికీ అందరికీ గుర్తుండేది ఆ అమ్మాయే.

మరి ఇంతమంది మారినా పుస్తకం విడిపోకుండా ఏం పట్టుకుంది అంటే, 75 కవర్లూ డేవ్ మెకీన్ ఒక్కడే చేశాడు. అక్షరాలు దాదాపు అంతా టాడ్ క్లైన్. డ్రీమ్ మాట్లాడితే నల్ల బెలూన్‌లో తెల్ల అక్షరాలు, అది ఎవరు గీసినా మారదు. ఎవరి మొహం ఎలా మారినా ఆ బెలూన్ చూడగానే గొంతు వినపడుతుంది. లెటరింగ్‌ని జనం అస్సలు పట్టించుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది.

దెబ్బతిన్నది కూడా చెప్తా. అందులోనే కైండ్లీ వన్స్ అనే కథ, హెంపెల్ ఆర్ట్, ముక్కలు కోసినట్టుండే మొహాలు, పెద్ద పెద్ద నలుపు తెలుపు ఆకారాలు. పుస్తకంగా ఒక్క ఊపులో చదివితే ఆ కథకి అంతకంటే కరెక్ట్ ఆర్ట్ లేదు, విధి వచ్చి మీద పడుతున్నట్టే ఉంటుంది. కానీ అది నెలకో ముక్క వచ్చిన రోజుల్లో, అంతకుముందు థాంప్సన్ మెత్తటి బొమ్మలకి అలవాటు పడినవాళ్ళు చాలామంది కోప్పడ్డారు, పైగా మధ్యలో అక్కడక్కడా వేరేవాళ్ళు గీసిన ఇష్యూలు. దాని తర్వాత వేక్ అనే కథ వచ్చింది, జూలీ పెన్సిల్ గీతల మీద ఇంకు వేయకుండా నేరుగా అచ్చేశారు. అంత గోల తర్వాత ఆ పెన్సిల్ గీతలు చూస్తే ఇంట్లో ఎవరో పోయాక వచ్చే ఆ నిశ్శబ్దంలా ఉంటుంది. ఆర్టిస్ట్ మార్పునే కథలో ఒక మాటలా వాడటం అంటే అది.

రంగులరాట్నం:

ఇన్ని సంగతులు చెప్తారనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. 33వ ఇష్యూ నిన్న రాత్రి మళ్ళీ చూశా, ప్యానెళ్ళు పెద్దవవుతూ పోవడం నిజంగా కనపడింది.

ఇంకో డౌట్. ఇప్పటిదాకా చెప్పినవన్నీ కొత్తాయన తన పద్ధతిలో గీసినవే. అసలు పాతాయనలాగే అచ్చం గీస్తే? అలా చేసి నెగ్గినవాళ్ళు ఉన్నారా? లేక అది ఎప్పుడూ తేలిపోతుందా?

పాత_అట్ట:

ఉన్నారండి, మన దగ్గరే ఉంది. పిల్లల పత్రిక టింకిల్‌లో సుప్పండి అనే అమాయకుడి కథలు. 1983 నుంచి రామ్ వాయిర్కర్ గారు గీశారు, ఆయన 2003లో పోయాక వాళ్ళమ్మాయి అర్చనా అంబేర్కర్ గారు అందుకున్నారు. ఆ తల ఆకారం, ఆ నిలబడే తీరు అలాగే ఉంచారు, చదివే పిల్లలకి తేడా తెలీదు. కానీ అక్కడ కథలు రెండు మూడు పేజీలు, ప్రతిసారీ కొత్తగా మొదలై అక్కడే అయిపోతాయి, సుప్పండి పెరగడు మారడు. అలాంటిచోట అచ్చం గీయడం కుదురుతుంది, అవసరం కూడా. సాగుతూ పోయే కథలో కుదరడం కష్టం.

కామిక్ కాదు కానీ మన చందమామ సంగతి చెప్పకుండా ఉండలేను. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్‌కి చిత్రా గారు బొమ్మలు వేసేవారు. రాక్షసుడు, కోట గోడ, గుర్రం మీద పరిగెత్తేవాడు, పేజీలో ఒక్క బొమ్మే ఉన్నా అందులో ఏదో ఒకటి జరుగుతూ ఉండేది. శంకర్ గారి బొమ్మల్లో నగలు, స్తంభాలు, చీర మడతలు, అన్నీ ఓపిగ్గా చెక్కినట్టు ఉంటాయి. భుజాన శవం, చేతిలో కత్తి ఉన్న విక్రమార్కుడంటే మనందరికీ గుర్తొచ్చేది ఆయన బొమ్మే. 1978లో చిత్రా గారు పోయారు. ఆయన బదులు ఆయనలాగే ఇంకొకర్ని వేయమన్నట్టు నేనైతే వినలేదు. పేర్లు లేకుండా బొమ్మ చూపించినా ఇది చిత్రా ఇది శంకర్ ఇది వపా (వడ్డాది పాపయ్య) అని చిన్నపిల్లలు చెప్పేసేవాళ్ళు, అలా పెరిగినవాళ్ళకి అచ్చం అలాగే గీసిన బొమ్మ పెడితే ఇట్టే పట్టేస్తారు కదండీ.

లేట్‌నైట్_బొమ్మలు:

ఈ ప్రశ్నకి ఇప్పుడు నడుస్తున్న కేసు జపాన్ కామిక్ బెర్సెర్క్. కెంటారో మియురా 2021 మేలో చనిపోయాడు, ముప్పై ఏళ్ళ పైన గీసిన కథ మధ్యలో ఆగిపోయింది. 2022 జూన్‌లో ఆయన శిష్యుల స్టూడియో గాగా మళ్ళీ మొదలుపెట్టింది, ముగింపు దాకా కథ విన్న స్నేహితుడు కోజీ మోరి పర్యవేక్షణలో. వాళ్ళు మియురా చేతికింద ఆ బ్యాక్‌గ్రౌండ్లు, ఆ కవచాలు గీసినవాళ్ళే, కాబట్టి గీత చాలా దగ్గరగా ఉంది. కవచం మీద గీతలు చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. తేడా ఎక్కడంటే ఒక ప్యానెల్ నుంచి ఇంకోదానికి వెళ్ళే చోట. మియురా ఒక చూపు కోసం పేజీ మొత్తం ఇచ్చేవాడు, ఎవరూ మాట్లాడని పేజీలు వరసగా రెండు మూడు పెట్టేవాడు. వీళ్ళు విన్న కథని దాటకూడదని జాగ్రత్తగా ముందుకెళ్తున్నారు, ఆ జాగ్రత్త తెలుస్తోంది. నాకు కోపం లేదు, ప్రతి చాప్టర్ చదువుతున్నా, చదువుతా కూడా.

దీనికి ఇంకో దారి సాగా అనే కామిక్ వాళ్ళది. రచయిత ఉన్నాడు, ఆర్టిస్ట్ ఫియోనా స్టేపుల్స్ ఉంది, 2018లో 54 దగ్గర ఆపేశారు, 2022 జనవరిలో 55 వచ్చింది. మూడున్నరేళ్ళు. మధ్యలో ఇంకొకరితో ఒక్క ఇష్యూ కూడా గీయించలేదు.

నల్లసిరా:

సాగా వాళ్ళకి అది కుదిరింది ఎందుకంటే హక్కులు ఆ ఇద్దరివే. ఆగుదాం అంటే ఆగొచ్చు. స్పైడర్-మ్యాన్ డిట్కోది కాదు, కంపెనీది, ఆయన పేజీలు ఇవ్వడం మానేసిన నెలలోనే వేరే చెయ్యి కావాలి వాళ్ళకి. రంగులరాట్నం గారూ, ఆ 38కీ 39కీ మధ్య మీకు కనపడ్డ తేడా వెనక ఈ లెక్క కూడా ఉంది. రోమిటాకి ఆలోచించుకునే టైం ఎవరూ ఇవ్వలేదు, ఆ నెల పుస్తకం ఆ నెల గీసిచ్చాడు, అలా గీస్తూ గీస్తూనే తన పీటర్‌ని కనిపెట్టాడు.